ఒక్క గుర్రం బొమ్మ, మూడు క్లాసులు

ప్రశ్న: బి.ఏ. ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఐచ్ఛికాలు తెలుగు సాహిత్యం, చరిత్ర, రాజనీతిశాస్త్రం. ఎం.ఏ. తెలుగు చేయాలని ఉంది. కానీ లైబ్రరీలో తత్వశాస్త్రం పుస్తకాలు కనపడితే వదలబుద్ధి కాదు. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేస్తాను. మా మేనమామ "రెండు పడవల మీద కాళ్లు పెట్టకు, ఏదో ఒకటి తేల్చుకో" అంటున్నారు. సాహిత్యం, తత్వశాస్త్రం, కళలు కలిపి చదవడం హైదరాబాదులో కుదురుతుందా? కుదిరితే ఎలా చదవాలి? చివరికి దేనిలోనూ లోతు లేకుండా మిగిలిపోతానా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు:

మీ మామయ్యగారి భయాన్ని తీసిపారేయకండి. అన్నీ కలిపి చదువుతామని మొదలుపెట్టి, ప్లేటో మీద రెండు వాక్యాలు, రససిద్ధాంతం మీద మూడు వాక్యాలు, అజంతా మీద నాలుగు విశేషణాలు పోగుచేసుకుని అక్కడే ఆగిపోయేవాళ్లు చాలామందే ఉంటారు. అయితే ఆ చిక్కు సబ్జెక్టులు మూడు కావడం వల్ల రాదు. మూడింటినీ విడివిడిగా, తలా కాస్త రుచి చూడటం వల్ల వస్తుంది. కలిపి చదవడమంటే ఒకే ప్రశ్నను పట్టుకుని మూడు గుమ్మాలూ ఎక్కడం. మీ విషయంలో ఆ ప్రశ్న ఒక పద్యం దగ్గరో కథ దగ్గరో పుట్టాలి. తత్వశాస్త్రం క్లాసుకు, బొమ్మల గదికి వెళ్లి, మళ్లీ ఆ పద్యం దగ్గరికే రావాలి. తిరిగి వచ్చాక ఆ పద్యంలో ముందు కనపడనిది ఒక్కటైనా కనపడాలి. కనపడకపోతే ఆ తిరుగుడు వృథా అయినట్టే.

ఇలా చదవడం మన దగ్గర కొత్తేమీ కాదు. విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండం మొదట్లో వజ్రుడనే రాజు విగ్రహాలు చేసే పద్ధతి చెప్పమని మార్కండేయుణ్ణి అడుగుతాడు. చిత్రసూత్రం, అంటే బొమ్మలు వేసే శాస్త్రం, తెలియనివాడికి విగ్రహ లక్షణం తెలియదంటాడు ముని. పోనీ అదే చెప్పమంటే, నృత్తం తెలియకుండా చిత్రం పట్టుబడదంటాడు. నృత్తానికి వాద్యం కావాలి, వాద్యానికి గీతం కావాలి. గీతం దగ్గరికి వచ్చేసరికి సంస్కృతమా ప్రాకృతమా, గద్యమా పద్యమా అంటూ మాట భాషలోకి దిగుతుంది. శిల్పం కోసం వచ్చిన రాజు ఛందస్సు పాఠం వినాల్సి వచ్చింది. కానీ ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే, విగ్రహం ఎలా చేయాలని.

ముందు మీకు తొందరగా తేలాల్సిన సంగతి, ఎక్కడ చేరాలన్నది.

మా సలహా సూటిగా చెప్తాం: ఎం.ఏ. తెలుగులోనే చేరండి. తత్వశాస్త్రాన్ని ఎలెక్టివ్‌లుగా, ఆ తర్వాత దూరవిద్యలో పెట్టుకోండి. బొమ్మలు చేత్తోనే సాగనివ్వండి. దీనికి కారణాలు రెండు. తాత్విక వాదాన్ని పరాయి భాషలో చదివినా, కవిత్వాన్ని అక్షరం అక్షరం విప్పి చూడటం పుట్టిన భాషలో నేర్చుకున్నంత గట్టిగా ఇంకెక్కడా రాదు. రెండోది ఉద్యోగం. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులకు ఏ సబ్జెక్టు పోస్టయితే ఆ సబ్జెక్టులో ఎం.ఏ. అడుగుతారు. తులనాత్మక సాహిత్యంలో ఎం.ఏ. మంచి చదువే, కానీ ఆ పట్టాతో తెలుగు లెక్చరర్ పోస్టుకు వెళ్తే అర్హత దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎం.ఏ. తెలుగు చేసి, పిహెచ్.డి.లో తులనాత్మక అంశం తీసుకుంటే రెండు దారులూ మూసుకుపోవు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో తెలుగు, తత్వశాస్త్రం, సంస్కృతం, అనువాద అధ్యయనాలు, తులనాత్మక సాహిత్యం, ఇవి కాక నాటకం, నృత్యం, లలితకళలకు సరోజినీ నాయుడు స్కూలు, అన్నీ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. మీరు అడిగిన కలయికకు ఊళ్లో దీనికి మించిన చోటు లేదు. ఉస్మానియాలో తెలుగు, తత్వశాస్త్రం రెండూ ఉన్నాయి. పక్కనే తార్నాకలో ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ సౌందర్యశాస్త్రం, తత్వశాస్త్రం కలిపి ఒక విభాగం నడుస్తుంది. ఉప్పల్ నుంచి మీకు ఉస్మానియా, ఇఫ్లూ కూతవేటు దూరం. సెంట్రల్ యూనివర్సిటీ ఉన్న గచ్చిబౌలి అలా కాదు. మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్లి, మళ్లీ బస్సెక్కాలి. రానూపోనూ రోజుకు మూడు గంటలు పోతే సాయంత్రం రిహార్సల్ చూడటానికీ లైబ్రరీలో కూర్చోవడానికీ ఏమీ మిగలదు. సెంట్రల్ యూనివర్సిటీలో సీటు వస్తే హాస్టల్ కూడా తీసుకోండి. హాస్టల్ దొరక్కపోతే ఉస్మానియాలో చేరడం తక్కువేమీ కాదు.

ఇక్కడ చాలామంది పొరపడేది తేదీల దగ్గర. సెంట్రల్ యూనివర్సిటీ పీజీ సీట్లకు సి.యు.ఇ.టి. పీజీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. దాని దరఖాస్తులు చలికాలంలోనే మొదలవుతాయి, పరీక్ష సాధారణంగా మార్చిలో జరుగుతుంది. అప్పటికి మీ ఆరో సెమిస్టరు కూడా అయివుండదు. "డిగ్రీ రిజల్ట్ వచ్చాక చూద్దాం" అనుకున్నవాళ్లకు అక్కడితో ఒక ఏడాది పోతుంది. పరీక్షలో 75 ప్రశ్నలు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. ఒకే దరఖాస్తులో ఒకటికి మించి పేపర్లు పెట్టుకోవచ్చు కాబట్టి తెలుగూ తత్వశాస్త్రమూ రెండూ పెట్టండి. స్కోరు వచ్చాక యూనివర్సిటీ వెబ్‌సైట్లో మళ్లీ విడిగా దరఖాస్తు చేయాలి. ఆ రెండో దరఖాస్తు సంగతి తెలియక మంచి మార్కులుండీ సీటు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. ఉస్మానియాకు సీపీగెట్ అనే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష వేరు, అది తర్వాత వస్తుంది. రెండూ రాయండి.

దూరవిద్య మాటెత్తాం కదా. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది. ఒకటి క్లాసుకు వెళ్లి, రెండోది దూరవిద్యలో చదువుకోవచ్చు. ఇగ్నోలో ఎం.ఏ. ఫిలాసఫీ ఉంది. రెండేళ్ల కోర్సే అయినా నాలుగేళ్లలోపు ముగించవచ్చు. చేరేముందు మీ యూనివర్సిటీ ఈ నిబంధనను అమలు చేస్తోందో లేదో ఆఫీసులో కనుక్కోండి. మొదటి ఏడాది మాత్రం దాని జోలికి వెళ్లకండి. ఎం.ఏ. తొలి రెండు సెమిస్టర్లలో వ్యాకరణం, ఛందస్సు, ప్రాచీన కావ్యాల బరువు ఎక్కువగా ఉంటుంది. అప్పుడే రెండో డిగ్రీ నెత్తికెత్తుకుంటే మీ మామయ్యగారి మాట నిజమవుతుంది.

ఇక అసలు సంగతి, ఎలా చదవాలన్నది. ఒక ఉదాహరణను దగ్గరగా పట్టుకుని చూపిస్తాం.

కావ్యశాస్త్రం పేపర్లో భరతుడి రససూత్రం వస్తుంది: విభావాలు (భావానికి కారణాలు), అనుభావాలు (దాని బయటి గుర్తులు), వ్యభిచారి భావాలు (వచ్చిపోయే భావాలు) కలిస్తే రసం నిష్పన్నమవుతుంది. "నిష్పత్తి" అంటే ఏమిటన్న దాని మీద నలుగురు వ్యాఖ్యాతలు. లొల్లటుడిది ఉత్పత్తి (పుట్టడం), శంకుకుడిది అనుమితి (గుర్తును బట్టి ఊహించడం), భట్టనాయకుడిది భుక్తి (అనుభవించడం), అభినవగుప్తుడిది అభివ్యక్తి (వ్యక్తం కావడం). గైడులో ఇది నాలుగు గడుల పట్టిక. పరీక్షకు ఆ పట్టిక చాలు. కానీ దాన్ని బట్టీపట్టినవాళ్లను "శంకుకుడు అనుమితి అని ఎందుకన్నాడు?" అని అడిగితే జవాబు రాదు. ఎందుకంటే ఆ మాట సాహిత్యం క్లాసుది కాదు, తర్కం క్లాసుది.

కాబట్టి ముందు తర్కంలోకి వెళ్లండి. న్యాయశాస్త్రంలో, అంటే మన ప్రాచీన తర్కశాస్త్రంలో, అనుమానానికి (కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడానికి) అయిదు అవయవాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూస్తున్నట్టు. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి అక్కడ నిప్పుంది. దీన్ని ఒకసారి మీ చేత్తో రాయండి. తర్వాత మీరే అయిదు ఉదాహరణలు కల్పించి, వాటిలో రెండు కావాలని తప్పుగా రాసి, తప్పు ఏ అవయవంలో ఉందో గుర్తుపట్టండి. ఈ పనికి రెండు సాయంత్రాలు చాలు.

ఇప్పుడు నాటకానికి రండి. రాముడి వేషం వేసిన నటుడి కళ్లలో నీళ్లు కనిపిస్తున్నాయి. ఆ నీళ్లు పొగలాంటివి, లోపలి శోకం నిప్పులాంటిది. కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని ప్రేక్షకుడు ఊహిస్తాడు. శంకుకుడి అనుమితి ఇదే. కానీ నటుడు నిజంగా రాముడు కాడు కదా. అప్పుడు ప్రేక్షకుడికి కలిగే జ్ఞానం ఎలాంటిది? "ఇతడు రాముడే" అన్న నిజజ్ఞానం కాదు. "ఇతడు రాముడు కాడు" అని తర్వాత తేలే భ్రాంతీ కాదు. "రాముడా, కాదా" అన్న సందేహం కాదు. "రాముడిలా ఉన్నాడు" అన్న పోలికా కాదు. గోడ మీద గుర్రం బొమ్మ చూసి "గుర్రం" అంటామే, అలాంటిది. దీన్నే చిత్రతురగ న్యాయమంటారు. వాదమంతా తర్కంలో నడిపినవాడు కీలకమైన చోట బొమ్మ దగ్గరికి పోయాడు చూడండి.

ఇక్కడ మీ చేతికి పని పడుతుంది. కాగితం మీద గుర్రాన్ని పది గీతలకు మించకుండా వేయండి. ఇంట్లో ఎవరికైనా చూపించండి. "గుర్రం" అంటారు గానీ "గుర్రంలా ఉన్న గీతలు" అనరు. ఒక్కో గీతా తీసేస్తూ మళ్లీ వేయండి. ఏ గీత పోతే అది గుర్రం కాకుండా పోతుందో అక్కడ ఆగండి. మెడ వంపా, కాలి మడమా, జూలా? పోలిక ఎంత తక్కువైనా గుర్తుపట్టడం జరుగుతూనే ఉంటుందని మీ చేతికే తెలుస్తుంది. శంకుకుడు పోలికనూ గుర్తింపునూ ఎందుకు వేరుచేశాడో ఈ అరగంటలో తెలిసినంత బాగా నలభై పేజీలు చదివినా తెలియకపోవచ్చు.

తర్వాత ఖండన చదవండి. అభినవగుప్తుడి గురువు భట్టతౌతుడు శంకుకుణ్ణి వదల్లేదు. అనుకరించాలంటే అసలును చూసి ఉండాలి కదా, రాముణ్ణి చూసిన నటుడెవరు అన్నాడు. పొగమంచును చూసి పొగ అనుకున్నవాడు నిప్పు ఉందనుకుంటాడు, నిజమే. కానీ అది పొగకు అనుకరణ మాత్రమేనని తెలిసినవాడు, నిప్పుకు అనుకరణగా అక్కడ ఎర్రటి మందారపూల కుప్ప ఉందని ఊహిస్తాడా? ఈ మందారపూల మాట ఒక్కటి అర్థమైతే చాలు, అనుమితివాదం ఎక్కడ ఒరిగిపోయిందో మీరు ఎవరికైనా విప్పి చెప్పగలరు.

మళ్లీ మొదటికి రండి. మీకు నచ్చిన ఒక నాటకంలోనో కథలోనో పాత్ర ఏడ్చే ఘట్టం తీసుకోండి. రచయిత మనకు ఏ పొగ చూపించాడు? నిప్పును తానే చెప్పేశాడా, మనకు వదిలేశాడా? వదిలేసినచోట మనకు కలిగింది ఊహా, అనుభవమా? అప్పుడు మీరు రాసే నాలుగు పేజీలు గైడులో దొరకవు.

ఇదే ప్రశ్నను ఇంకొంచెం దూరం మోయాలనుకుంటే ప్లేటో ఉన్నాడు. రిపబ్లిక్ పదో అధ్యాయంలో మూడు మంచాలు: మంచం అన్న భావన, వడ్రంగి చేసిన మంచం, చిత్రకారుడు వేసిన మంచం. మూడోది సత్యానికి చాలా దూరం అంటాడు. "శంకుకుడూ ప్లేటో ఒకే మాటన్నారు" అని రాసే విద్యార్థులు ఉంటారు. అలా రాయకండి. బొమ్మలో సత్యం ఎంత అన్నది ప్లేటో ప్రశ్న. బొమ్మ చూసినవాడికి కలిగేది ఏ రకం జ్ఞానం అన్నది శంకుకుడి ప్రశ్న. ఇద్దరూ బొమ్మనే ఉదాహరణగా తీసుకున్నారు, అంతవరకే పోలిక. తేడా ఎక్కడుందో చూపిస్తే మీ వ్యాసం నిలబడుతుంది.

తత్వశాస్త్ర గ్రంథాన్ని కథ చదివినట్టు చదవకండి. గంటకు అయిదారు పేజీలు కదిలితే చాలు. ప్రతి పేరాకూ మార్జిన్లో ఒక్క తెలుగు వాక్యం రాయండి: ఈ పేరా ఏం అంటోంది? దాని పక్కనే ఇంకో గుర్తు పెట్టండి: ఇది ఎవరి మాట? మన శాస్త్రగ్రంథాల్లో ముందు పూర్వపక్షం వస్తుంది, ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్తారు. తర్వాత సిద్ధాంతం వస్తుంది. తొందరలో చదివినవాళ్లు పూర్వపక్షాన్నే ఎత్తి రాసి "అభినవగుప్తుడు ఇలా అన్నాడు" అని పెడతారు. అది ఆయన ఖండించిన లొల్లటుడి మాట అయివుంటుంది. శంకుకుడి గ్రంథం మనకు దొరకలేదు. ఆయన వాదం తెలిసిందే అభినవగుప్తుడి ఖండన వల్ల. ఇలాంటిచోట ఎవరి మాట ఎవరి నోట వింటున్నామో గుర్తులేకపోతే మొత్తం తలకిందులవుతుంది.

ఇంగ్లీషులో చదవడం కష్టమనిపిస్తే కంగారు పడొద్దు. పేజీ ఇంగ్లీషులో చదివి, వాక్యం తెలుగులో రాయండి. తెలుగులో రాయలేకపోయిన పేరా మీకు అర్థం కాలేదని తెలుసుకోండి.

మాటల విషయంలో మాత్రం గట్టి జాగ్రత్త కావాలి. ఒకే తెలుగు మాట మూడు క్లాసుల్లో మూడు పనులు చేస్తుంది. "భావం" చూడండి. రససిద్ధాంతంలో స్థాయీభావం మనసులో నిలిచే చిత్తవృత్తి. భావకవిత్వంలో భావం ఇంకొకటి. తత్వశాస్త్రంలో భావవాదమంటే జగత్తుకు మూలం మనసో చైతన్యమో అనే వాదం. భావకవులంతా భావవాదులని రాసిన వ్యాసాలు ఈ గందరగోళంలోంచే పుట్టుకొస్తాయి. "వాస్తవికత" కూడా అంతే. నవలలో అది జీవితాన్ని ఉన్నదున్నట్టు చిత్రించే పద్ధతి. తత్వశాస్త్రంలో వాస్తవవాదమంటే మనం చూసినా చూడకపోయినా వస్తువులు ఉంటాయన్న సిద్ధాంతం. ఒంటరితనం కనపడిన ప్రతి కథనూ అస్తిత్వవాదం అనేయడం, కలిసిపోవడం కనపడిన ప్రతి పద్యాన్నీ అద్వైతం అనేయడం ఇదే కోవకు చెందుతాయి. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కేటాయించండి. పేజీకి ఒక మాట. పేజీని మూడు నిలువు గళ్లు చేసి సాహిత్యం, తత్వశాస్త్రం, కళలు అని రాయండి. మాట ఎక్కడ ఏ అర్థంలో కనపడిందో పుస్తకం పేరు, పేజీ సంఖ్యతో సహా ఎక్కించండి. రెండేళ్లలో వంద మాటలు చేరితే, పిహెచ్.డి. ఇంటర్వ్యూకు అంతకంటే మంచి తయారీ ఉండదు.

కళలను చూసేటప్పుడు జరిగే పొరపాట్లు ఇంకో రకం. రామప్ప గుడినే తీసుకోండి. గుడి శాసనం ప్రకారం 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. కాకతీయ గణపతిదేవుడి దగ్గర గజసాహిణిగా, అంటే ఏనుగుల దళాధిపతిగా ఉన్న జాయప సేనాని నృత్యశాస్త్ర గ్రంథం నృత్తరత్నావళి రాసింది 1253–54లో. "జాయప గ్రంథాన్ని అనుసరించి రామప్ప శిల్పాలు చెక్కారు" అని సెమినార్ పేపర్లో రాస్తే, నలభై ఏళ్ల తర్వాత వచ్చిన పుస్తకాన్ని చూసి శిల్పులు చెక్కారన్నమాట! సరే, శిల్పాలను చూసే జాయప రాశాడని తిప్పేస్తే? అదీ తొందరపాటే. ఆ రోజుల్లో ఆడుతున్న నృత్యం ఒకటి ఉంది. శిల్పి రాతిలో పట్టుకున్నదీ, జాయప శ్లోకంలో పట్టుకున్నదీ దాన్నేనన్న అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ మార్గం (శాస్త్ర సంప్రదాయ నృత్యం), తర్వాతి నాలుగూ దేశి (ప్రాంతీయ నృత్యరీతులు). రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దాన్ని తెలుగు చేశారు. ఆయన మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పారు, వేమన మీద ఉపన్యాసాలిచ్చారు, అన్నమయ్య పాటలకు రాగాలు కూర్చారు. మీరు వెళ్దామనుకుంటున్న దారిలో మన ముందే నడిచిన మనిషి. ఆ అనువాదంలో దేశి భాగం నుంచి ఒక స్థానకాన్నో (నిలబడే భంగిమ) కరణాన్నో (చేతులూ కాళ్లూ కలిసిన కదలిక) ఎంచుకుని, రామప్పకు వెళ్లి ఒక్క మదనిక, అంటే స్త్రీ శిల్పం, ముందు గంట నిలబడి బొమ్మ వేయండి. పాదాలు ఎటు తిరిగాయి, నడుము ఎక్కడ విరిగింది, బరువు ఏ కాలి మీద ఉంది? గ్రంథం చెప్పినదానితో ఎక్కడ కలిసింది, ఎక్కడ తప్పింది? తప్పినచోటే మీ వ్యాసం మొదలవుతుంది. హైదరాబాదుకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి. ఫోటోలు ఎన్ని తీసినా సరే, బొమ్మ మాత్రం అక్కడే వేయండి. బరువు ఏ కాలి మీద ఉందో ఫోటోలో తేలిగ్గా తప్పిపోతుంది.

వంద కిలోమీటర్లలోపే చేర్యాల ఉంది. నకాషీ అనే చిత్రకారుల కుటుంబాలు గుడ్డ మీద వేసే పటాలు ఇప్పుడు గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలుగా దొరుకుతున్నాయి గానీ, అసలు పటం కథ చెప్పడానికి పుట్టింది. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత పెట్టి, ఎర్రటి నేల మీద అడ్డంగా వరసలు వరసలుగా బొమ్మలు వేస్తారు. పొడవు ముప్పై నలభై అడుగులు కూడా ఉంటుంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం ఇలా పటం విప్పుతూ పాడేవాళ్లు. చిత్రం ఒక్క క్షణాన్నే చూపగలదు, కాలం నడిచేది కవిత్వంలోనే అని 1766లో జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ వాదించాడు. చేర్యాల పటం ముందు ఆ వాదాన్ని నిలబెట్టి చూడండి. ఇక్కడ చిత్రం చుట్ట విప్పినకొద్దీ నడుస్తుంది, పాట దాని వెంట పోతుంది, కథకుడి చేతిలోని కర్ర ఏ బొమ్మ మీద ఆగితే కాలం అక్కడ ఆగుతుంది. లెస్సింగ్ వాదం పూర్తిగా కూలిపోతుందా, లేక ఒక్కో గడిలో ఒక్కో క్షణమే ఉంది కాబట్టి ఇంకా నిలబడుతుందా? ఎం.ఏ. ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి అంశం తెలుగు నేల మీద వెతుక్కోవాల్సిన పని లేదనే మా నమ్మకం. ఆ పురాణాల పాఠం సాహిత్యం, ఆ కులాల పుట్టుక గురించి అవి చేసే వాదం తత్వశాస్త్రం, పటం చిత్రకళ. మూడూ ఒకే చుట్టలో ఉన్నాయి.

సమయం గురించి రెండు మాటలు. క్లాసులు కాక వారానికి పద్నాలుగు గంటలు సొంత చదువుకు దొరుకుతాయనుకుంటే, ఎనిమిది గంటలు సాహిత్యానికి, నాలుగు తత్వశాస్త్రానికి, రెండు చేతిపనికి ఇవ్వండి. పరీక్షల నెలలో తత్వశాస్త్రాన్ని ఒక గంటకు తగ్గించినా ఫర్వాలేదు. పూర్తిగా ఆపితే మాత్రం పట్టు తప్పుతుంది. బొమ్మలతోపాటు సంగీతమో నృత్యమో కూడా కావాలనిపిస్తే రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అయితే ఒకేసారి రెండు కళలు మొదలుపెట్టొద్దు. ఒకటి చేత్తో చేయండి, తక్కినవి కళ్లతో చెవులతో చాలు. రవీంద్రభారతిలో, లామకాన్‌లో నెలకు ఒక ప్రదర్శన చూసి, ఆ రాత్రే ఒక పేజీ రాయండి. "అద్భుతంగా ఉంది" అన్న మాట ఆ పేజీలో రాకూడదు. ఏం చూశారో అదే రాయాలి.

పాత తెలుగు పత్రికలకు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, పాత పుస్తకాలకు సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద తత్వశాస్త్రం పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. కొనేముందు విషయసూచిక, చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి.

లెక్చరర్ అర్హతకూ పరిశోధన ఫెలోషిప్‌కూ రాసే నెట్ పరీక్ష గురించి కూడా ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పులకు కోత లేదు. తెలుగుకూ తత్వశాస్త్రానికీ తులనాత్మక సాహిత్యానికీ వేర్వేరు పేపర్లున్నాయి. మీరు తెలుగులోనే రాయండి. జె.ఆర్.ఎఫ్., అంటే ఆ ఫెలోషిప్, వస్తే నెలకు 37,000 రూపాయలు. మీ మామయ్యగారికి ఈ అంకె చెప్పండి. ఆయన అడుగుతున్నది నిజానికి మీరు ఎలా బతుకుతారనే. దానికి జవాబు సూటిగా ఇవ్వాలి: పట్టా ఒకటే, ఎం.ఏ. తెలుగు. ఉద్యోగానికి నిలబడేది దాని మీదే. తక్కినవి ఆ చదువును లోతుగా తవ్వే పనిముట్లు. ఇలా చెప్తే ఆయన కాదనకపోవచ్చు.

ముందు ఈ నెలలో చేయాల్సింది సి.యు.ఇ.టి. దరఖాస్తు తేదీ చూసుకోవడం. దాంతోపాటు ఒక ఆదివారం పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి వెళ్లండి. అజంతా చిత్రాలకు చేసిన నకళ్లు అక్కడున్నాయి. ఒక్క చిత్రం ఎంచుకుని నలభై నిమిషాలు కదలకండి. మొదటి ఇరవై నిమిషాలు పెన్సిల్‌తో గీయండి. తర్వాతి ఇరవై నిమిషాలు అందులో ఎవరు ఎవరిని చూస్తున్నారో, ఎవరు ఎవరినీ చూడటం లేదో తెలుగులో రాయండి. ఇంటికి వచ్చాక ఆ చిత్రం ఏ జాతక కథదో వెతికి చదివి, చిత్రకారుడు కథలో ఏది వదిలేశాడో కింద చేర్చండి. ఆ కాగితాలు దాచుకోండి, ఎం.ఏ.లో మొదటి సెమినార్ పేపరుకు పనికొస్తాయి.